దూరం జానెడు... దారి ఆకాశం!

బస్సు లేదు, రైలు లేదు. అసలు రోడ్డే లేదు. రెండూళ్ల మధ్య దూరం మాత్రం 110 కిలోమీటర్లే! ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్న లాంగియర్‌బైన్, నీ-ఆలెసుండ్‌ల సంగతిది.

మధ్యలో మంచుకొండలు, హిమానీనదాలు, ధ్రువపు ఎలుగుబంట్లు. అందుకే అక్కడివాళ్లకు విమానమే ఎర్రబస్సు. డోర్నియర్ 228 అనే బుల్లి విమానం పాతిక నిమిషాల్లో అటు చేరుస్తుంది. ఇరవై మంది కూడా పట్టరందులో. పైగా రోజూ ఉండదు. గాలి తిరగబడినా, పొగమంచు కమ్మినా అదీ లేదు. పాతిక నిమిషాల ప్రయాణానికి రోజుల తరబడి ఎదురుచూడాల్సిందే!

పటం చెప్పే అబద్ధం

ప్రపంచ పటంలో చూస్తే ఈ రెండూళ్లూ ఎంతో ఎడంగా కనిపిస్తాయి. నిజానికి ధ్రువం వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. ఇక్కడ అది 22 కిలోమీటర్లే. గంటకు 400 కిలోమీటర్ల వేగంతో అయితే పదిహేడు నిమిషాల్లో చేరిపోవాలి. కానీ పైకి లేవడానికి, కిందికి దిగడానికి ఇంకాస్త సమయం కావాలి కదా. దిగేది సుమారు 800 మీటర్ల గులకరాళ్ల రన్‌వే మీద మరి.

మనవాళ్లూ ఎక్కే విమానం

నీ-ఆలెసుండ్ ఒకప్పుడు బొగ్గుగనుల ఊరు. 1962లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ తర్వాతి ఏడాది గని మూతబడింది. ఇప్పుడది పరిశోధకుల ఊరు. మన దేశం 2008లో అక్కడ 'హిమాద్రి' కేంద్రాన్ని తెరిచింది. మంచు కరగడానికీ మన రుతుపవనాలకూ ఉన్న సంబంధమేమిటన్నది మన శాస్త్రవేత్తల అన్వేషణల్లో ఒకటి. ఓస్లో నుంచి దాదాపు మూడు గంటలు ఎగిరి లాంగియర్‌బైన్‌లో దిగే మనవాళ్లకు, ఆ పైన ఈ బుల్లి విమానమే దిక్కు.

లాంగియర్‌బైన్ విమానాశ్రయానికి దగ్గర్లోనే కొండను తొలిచి కట్టిన ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు ఇక్రిశాట్ పంపిన జొన్న, కంది, శనగ విత్తనాలు అందులో భద్రంగా ఉన్నాయి.

కాన్పుకీ విమానమే

లాంగియర్‌బైన్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి. కాన్పులు చేయరు. నెలలు నిండుతున్న గర్భిణులు రెండు మూడు వారాల ముందే ప్రధాన భూభాగానికి వెళ్లిపోవాలి. పెద్ద జబ్బు చేస్తే సుమారు 950 కిలోమీటర్ల దూరంలోని ట్రోమ్సోకు తీసుకెళ్తారు. గంటన్నరకు పైగా ఆకాశంలోనే!

ఇంతటి ఆధారమైన రన్‌వేకే ఇప్పుడు ముప్పొచ్చింది. 1975లో ప్రారంభమైన ఈ విమానాశ్రయాన్ని ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల మీద నిర్మించారు. రాయిలా ఉంటుందనుకున్న ఆ నేల పైపొర వేసవిలో కరుగుతోంది. ప్రపంచ సగటు కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడెక్కుతున్న ప్రాంతమిది. రన్‌వే అక్కడక్కడా కుంగుతుంటే సిబ్బంది జాగ్రత్తగా పరిశీలిస్తూ మరమ్మతులు చేసుకొస్తున్నారు. ఊరికి మరో దారి ఓడ ఒక్కటే. అది వచ్చేసరికి రోజులు పడుతుంది.