విస్తరి ముందు కెమెరా

హోటల్ భోజనం ఎలా ఉందో నలుగురికీ చెప్పడం మన పల్లెల్లో కొత్త సంగతేమీ కాదు. పెండ్లి బట్టలకో, ఆస్పత్రికో పట్నం వెళ్లి వచ్చినవారు బస్సు దిగగానే చెప్పే మొదటి కబుర్లలో అక్కడేమి తిన్నారన్నది ఒకటి. ఫలానా హోటల్లో సాంబారు బాగుంటుంది, ఫలానా చోట అన్నం మారు అడిగితే విసుక్కుంటారు అని చెప్పుకొనేవారు. ఆ మాట పది ఇళ్లు దాటేది కాదు. ఇప్పుడు అదే మాటను మన యౌవనస్థులు ఫోనులో వీడియో తీసి చెబుతున్నారు. అది ఒక్క రాత్రిలో లక్ష మందికి చేరుతున్నది. చెప్పే మాట పాతదే గాని, దాని బరువు మారిపోయింది. ఆ బరువును గురించే పాఠకులతో కొంత మాట్లాడదలచాము.

యూట్యూబ్ 2005లో అమెరికాలో మొదలైనా, మన ఊళ్లలోకి నిజంగా వచ్చింది 2016 సెప్టెంబరులో జియో వచ్చి, ఇంటర్నెట్ చవకైన తరువాతనే. అదే సంవత్సరం గుంటూరు జిల్లాలోని ఒక పల్లెనుండి మస్తానమ్మ అనే వృద్ధురాలి వంటలను ఆమె మనవడి వరుస యువకులు ప్రపంచానికి చూపించారు. నూరేళ్లు దాటిందని చెప్పుకొన్న ఆ అవ్వ పొలం గట్టున పుచ్చకాయలో కోడికూర వండితే దేశదేశాలవారు చూశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసింది. ఆమె వండి చూపింది. ఆ తరువాత వచ్చిన వీడియోలలో ఎక్కువ భాగం ఇతరులు వండినది తిని, తీర్పు చెప్పేవి. వండినవారి బ్రతుకు తిన్నవారి నోటిమీద ఆధారపడడం అక్కడ మొదలైంది.

ఈ వీడియోలు మేము చాలానే చూస్తుంటాము. కొన్ని మిక్కిలి ఉపయోగకరమైనవి. అంబాజీపేటలో పనసాకుల బుట్టలలో పిండి పోసి ఉడికించే పొట్టిక్కలు, మారేడుమిల్లి దారిలో వెదురు బొంగులో కాల్చే కోడి, రాయలసీమ మెస్సులలో రాగి సంగటి, వరంగల్ వైపు సర్వపిండి, ఇవన్నీ పొరుగు జిల్లావారికి తెలియడానికి ఈ కుర్రవాళ్ల శ్రమ కొంత కారణమే. అయితే ఒక మాట చెప్పక తప్పదు. ముద్ద నోట్లో పడకమునుపే కళ్లు మూసుకొని, తల ఊపి, 'వేరే లెవెల్' అనేవారే ఎక్కువ. తెలుగులో రుచికి ఎన్ని మాటలున్నవి! కమ్మన, వగరు, చప్పిడి, కనరు, మాడు వాసన, నీచు వాసన, ఉప్పు కాస్త ముందుకు ఉండడం, పులుపు వెనుకబడడం. మన అమ్మమ్మలు ఒక్క ముద్ద తిని కూర పొయ్యిమీద ఎంతసేపు ఉన్నదో చెప్పేవారు. ఆ భాషంతా పోయి, రెండు ఇంగ్లీషు మాటలు మిగిలాయి. అన్నం పొడిగా ఉన్నదా, పప్పు వేడిగా వచ్చిందా, మారు వడ్డిస్తారా, ధర ఎంత, చేతులు కడుక్కొనే చోట నీళ్లు వస్తున్నవా, ఆడవారికి మరుగుదొడ్డి ఉన్నదా అన్న సంగతులు కుటుంబంతో బయలుదేరేవారికి కావాలి. అవి చెప్పేవారు తక్కువ.

ఒక వీడియో ఏమి చేయగలదో తెలియాలంటే ఢిల్లీలోని 'బాబా కా ధాబా' సంగతి చాలును. దక్షిణ ఢిల్లీ మాలవీయ నగర్‌లో కాంతా ప్రసాద్ అనే ఎనభై ఏళ్ల పెద్దాయన, ఆయన భార్య బాదామీ దేవి కలసి రోడ్డు పక్కన చిన్న భోజనశాల నడుపుకొనేవారు. కరోనా లాక్‌డౌన్‌తో బేరాలు పడిపోయాయి. 2020 అక్టోబరులో గౌరవ్ వాసన్ అనే యూట్యూబ్ యువకుడు అక్కడికి వెళ్లి వీడియో తీశాడు. ఎంత సంపాదించారని అడిగితే ఆ పెద్దాయన కొద్దిపాటి నోట్లు చూపించి కన్నీరు పెట్టుకొన్నాడు. మరునాటికి ఆ ధాబా ముందు జనం వరుస కట్టారు. సినిమావారు, క్రికెట్‌వారు కూడా ఆ వీడియోను పంచుకొన్నారు. ఎందరో డబ్బు పంపారు.

చాలామందికి కథ అక్కడివరకే తెలుసు. తరువాత జరిగినదే మనము శ్రద్ధగా చూడవలసినది. నెల తిరగకముందే, వచ్చిన విరాళాల సొమ్ము తనకు సరిగా చేరలేదని కాంతా ప్రసాద్ ఆ యువకునిపై పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఆ యువకుడు ఆరోపణను కాదన్నాడు. డిసెంబరులో పెద్దాయన కొత్తగా ఒక రెస్టారెంటు తెరిచాడు. అద్దె, పనివారి జీతాలు, కరెంటు కలసి నెలకు సుమారు లక్ష రూపాయలు ఖర్చు కాగా, అమ్మకం నలభై వేలు కూడా దాటలేదని ఆయనే పత్రికలవారికి చెప్పాడు. 2021 ఫిబ్రవరిలో దాన్ని మూసివేసి మళ్లీ పాత ధాబాకే వచ్చాడు. ఆ జూన్‌లో, వాసన్ దొంగ కాడనీ తనను క్షమించమనీ ఒక వీడియోలో చేతులు జోడించి అడిగాడు. ఆ యువకుడు వచ్చి ఆయనను కలుసుకొన్నాడు కూడా.

ఇందులో ఎవరి తప్పు ఎంత అని తూచడం మా ఉద్దేశం కాదు. జాలితో వచ్చిన జనం జాలి తీరగానే వెళ్లిపోయారు. అక్టోబరులో వరుసకట్టినవారిలో ఎందరు ఫిబ్రవరిలో మళ్లీ తిన్నారు? కూర బాగుంటేనే మనిషి రెండవసారి వస్తాడు. కన్నీటిని చూసి వచ్చినవాడు ఒక్కసారే వస్తాడు. వీడియో తీసేవారు ఆ పెద్దల కూర ఎలా ఉన్నదో, రోజుకు ఎంతమందికి వండగలరో కూడా చెప్పి ఉంటే, సాయం నెమ్మదిగా వచ్చినా ఎక్కువకాలం నిలిచి ఉండేదేమో.

మన తెలుగునాట హైదరాబాదులో జరిగినది అందరికీ గుర్తుండే ఉంటుంది. గుడివాడ ప్రాంతంనుండి వచ్చి, మాదాపూర్ దగ్గర రోడ్డు పక్కన అన్నం, కూరలు అమ్ముకొనే దాసరి సాయికుమారి, అదే 'కుమారి ఆంటీ', చాలా ఏళ్లుగా అక్కడివారికి తెలిసిన మనిషే. 2024 జనవరిలో ఆమె లెక్క చెప్పే తీరు మీద వీడియోలు వ్యాపించాయి. జనం, వారి వాహనాలు, వారికంటే ముందు కెమెరాలు వచ్చిపడ్డాయి. రోడ్డు నిలిచిపోతున్నదని జనవరి 30న పోలీసులు దుకాణం మూయించారు. మరునాడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకొని, ఆమెను అక్కడే అమ్ముకోనివ్వమని చెప్పారు. ఆమెకు ముఖ్యమంత్రి దాకా మాట వెళ్లింది. అదే రోడ్డు మీద బండి పెట్టుకొన్న మిగిలినవారందరికీ అంతటి అండ దొరకదు కదా!

ఇట్టిది చిన్న ఊళ్లలోనూ జరుగుతుంది. మేము అప్పుడప్పుడు భోజనం చేసే ఒక మండల కేంద్రంలో బస్టాండు వెనుక ఒక సహోదరి మెస్సు నడుపుతుంది. పన్నెండు మందికి సరిపడే బల్లలు, ఒక గ్యాసు పొయ్యి, ఒక కట్టెల పొయ్యి. ఎవరో అబ్బాయి వచ్చి ఆమె చేపల పులుసును వీడియో తీశాడు. పది రోజులు కార్లు వచ్చాయి. ఆమె రెండు పెద్ద డేగిసాలు అప్పు మీద కొన్నది, ఇద్దరు పిల్లలను పనికి పెట్టుకొన్నది. రోజూ తినే ఆర్టీసీ డ్రైవర్లకు, కోర్టు గుమాస్తాలకు చోటు దొరకక వేరే దారి చూసుకొన్నారు. పదకొండవ రోజునుండి కార్లు తగ్గాయి. "వచ్చినవాళ్లను తప్పుబట్టలేనమ్మా, కానీ పోయినవాళ్లను వెనక్కి పిలుచుకోవడానికి నాలుగు నెలలు పట్టింది" అని ఆమె మాకు అన్నము వడ్డిస్తూనే చెప్పింది. డేగిసాలలో ఒకటి ఇప్పుడు పెండ్లిళ్లకు అద్దెకిస్తున్నది.

తీర్పు చెప్పేవాడు ఎలా ఉండాలో ఆలోచించినవారు పూర్వమే ఉన్నారు. ఫ్రాన్సులో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో కారు ప్రయాణికుల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. 1926నుండి మంచి భోజనశాలలకు నక్షత్రాలు ఇవ్వసాగింది. ఆ కంపెనీ పంపే పరిశీలకులు తామెవరో చెప్పరు. అందరిలాగే కూర్చొని, తిని, బిల్లు కట్టి వెళతారు. వారిది ధనవంతుల హోటళ్ల లోకమే అయినా, పద్ధతిలో నేర్చుకోదగినది ఉన్నది. మన వీడియోలలో జరిగేది దీనికి తలకిందులు. కెమెరా చూడగానే యజమాని పరుగెత్తుకొని వస్తాడు, పెద్ద ముక్క వేస్తాడు, నెయ్యి ఒలకపోస్తాడు, బిల్లు వద్దంటాడు. ఆ విస్తరి మనకు రేపు దొరికే విస్తరి కాదు. మొదట ఒకసారి కెమెరా లేకుండా వెళ్లి, డబ్బిచ్చి తిని, రెండవసారి అనుమతి అడిగి వీడియో తీసేవారు కొందరున్నారు. అట్టివారి మాట నమ్మవచ్చును.

డబ్బు తీసుకొని పొగడడం గురించి చట్టం కూడా ఉన్నదని చాలామంది యౌవనస్థులకు తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రచారం చేసినవారికి పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చును. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సోషల్ మీడియావారికి ప్రత్యేకంగా సూచనలు ఇచ్చింది. డబ్బే కానక్కరలేదు, ఉచితంగా వచ్చిన బహుమతి అయినా, బస అయినా అది సంబంధమే గనుక, ఆ మాట చూసేవారికి స్పష్టంగా చెప్పాలి. వీడియో కింద చిన్న అక్షరాలలో దాచడం చాలదు, వీడియోలోనే వినిపించాలి, కనిపించాలి. "ఈ భోజనానికి యజమాని డబ్బు తీసుకోలేదు" అని ఒక్క వాక్యం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక ఆదాయం మాట. మా సంఘాలలోని తల్లిదండ్రులు కొందరు, పిల్లవాడు చదువు మాని ఫోను పట్టుకొని హోటళ్ల వెంట తిరుగుతున్నాడని బాధపడుతున్నారు. యూట్యూబ్‌లో ప్రకటనల సొమ్ములో వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, పన్నెండు నెలలలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. లేదా తొంభై రోజులలో చిన్న వీడియోలను కోటిసార్లు చూసి ఉండాలి. అది దాటినవారికి కూడా వచ్చేది నెలనెలా ఒకేలా ఉండదు. పెట్రోలు, భోజనం బిల్లులు మాత్రం మొదటి రోజునుండే ఉంటాయి. అందుకే చాలామంది హోటల్ యజమానులనుండి సొమ్ము తీసుకొనే దారికి వస్తారు. కష్టపడే పిల్లవానిని వద్దనము గాని, ఈ లెక్క ఇంట్లో కూర్చొని కాగితం మీద వేసి చూడడం మేలు.

వంట బాగా లేనప్పుడు ఏమి చేయాలన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఉప్పు ఎక్కువైందనో, ఆ రోజు పప్పు చల్లగా ఉన్నదనో ఒక చిన్న మెస్సు మీద లక్షమందికి వీడియో వేయడం మాకు న్యాయంగా తోచదు. వండిన మనిషికి ఆ మాట నేరుగా చెప్పవచ్చును. కాని అన్నంలో పురుగు, మురిగిన మాంసం, నల్లబడిన నూనె వేరు. అది రుచి సంగతి కాదు, ప్రాణం సంగతి. ఒకసారి కాచిన నూనెను మళ్లీ మళ్లీ వాడకుండా ఆహార భద్రతా సంస్థ 2018 జులైనుండి పరిమితి పెట్టింది. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒకామె చనిపోయి, పలువురు ఆస్పత్రి పాలైన తరువాత, తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనీస్‌ను ఏడాదిపాటు నిషేధించింది. అట్టివి చూసినప్పుడు బిల్లు దాచుకొని, గోడమీద ఉండవలసిన పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు రాసుకొని, ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయాలి. వీడియో తీస్తే ముందు అక్కడికే పంపాలి. పేరు చెప్పి నిందించిన తరువాత అది నిజం కాదని తేలితే, మూతపడిన హోటల్‌ను ఏ వీడియో తెరవలేదు.

పక్క బల్లమీద తినేవారి సంగతి కూడా మరచిపోరాదు. నోటిలో ముద్ద ఉన్న మనిషిని, బిడ్డకు తినిపించే తల్లిని అడగకుండా కెమెరాలో చూపడం మన మర్యాద కాదు. వంటగదిలోకి వెళ్లేముందు యజమానినేగాక, అక్కడ చెమటోడ్చే పనివారినీ అడగాలి.

చూసేవారికి ఒక చిన్న విన్నపం. వీడియో చూసి పిల్లాపాపలతో ఆటో కట్టించుకొని బయలుదేరేముందు, దాన్ని ఎప్పుడు తీశారో తేదీ చూడండి. మూడేళ్లనాటి వీడియోలో ఎనభై రూపాయలున్న భోజనం నేడు నూట ముప్పై ఉండవచ్చును, వంటమనిషి మారి ఉండవచ్చును, ఆదివారం సెలవై ఉండవచ్చును. వీడియోలో హోటల్ ఫోను నంబరు ఉంటే ముందుగా ఒకసారి అడగండి. ఎంతమంది వస్తున్నారో చెబితే, చిన్న మెస్సువారు బియ్యం ఇంకొక గిద్దెడు ఎక్కువ పోసుకొంటారు.