కంప్యూటర్ చెప్పిందే జవాబా?

"సావనీర్‌కి కంప్యూటర్ మీద ఏదైనా రాసివ్వండి సార్" అని యూనియన్ సెక్రటరీ వచ్చి అడిగితే, "దాని మీద రాసేదేముంది నాయనా, దాని మీద దుమ్ము దులపడమే నా పని" అన్నాను. నవ్వులాటకి అన్నా అందులో కొంత నిజం లేకపోలేదు. నేను చెప్పే పాఠం లెక్కలు. పదకొండేళ్ళుగా సైన్సు డిపార్ట్‌మెంట్ల కంప్యూటర్ ల్యాబు కూడా నా నెత్తినే ఉంది. ఎమ్మెస్సీ వాళ్ళూ, రీసెర్చి స్కాలర్లూ, అప్పుడప్పుడు తోటి లెక్చరర్లూ వస్తూంటారు. వచ్చినవాళ్ళలో చాలామంది మాట ఒకటే: "సార్, ఆన్సర్ రావడంలేదు." "ఆన్సర్ వచ్చింది సార్, కానీ ఇది నిజమేనా?" అని అడిగినవాళ్ళని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కడో పెద్ద కంపెనీల్లో పుట్టి మన నెత్తిన పడ్డాయనుకుంటాం. నిజానికి కొన్ని పుట్టింది పాఠం చెప్పేవాళ్ళ చేతుల్లోనే. 1970ల చివర అమెరికాలో న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే క్లీవ్ మోలర్, తన విద్యార్థులు ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాములతో కుస్తీ పట్టకుండానే మాత్రికల లెక్కలు చేసుకోవాలని రాసిన చిన్న ప్రోగ్రామే మ్యాట్‌ల్యాబ్. 1984లో అది వ్యాపారమైంది. ఉచితంగా దొరికే ఆక్టేవ్ కథ ఇంకా ముచ్చటైనది. కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల పాఠ్యపుస్తకానికి తోడుగా ఉంటుందని తలపెట్టారు; జాన్ ఈటన్ 1992లో రాయడం మొదలుపెట్టారు. ఆ పేరుకీ సంగీతానికీ సంబంధం లేదు. ఆయన గురువుగారు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరు అది. కాగితం ముక్క మీద చకచకా ఉజ్జాయింపు లెక్క వేసి జవాబు ఎంత ఉండాలో చెప్పేయడంలో ఆయన దిట్ట. కంప్యూటర్ ప్రోగ్రాముకి నోటిలెక్కల మాస్టారి పేరు! ఈ పేరు నాకెందుకు నచ్చుతుందో చివరికి మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. ల్యాబులో పైథాన్ తెరిచి, 0.1కి 0.2 కలపమనండి. 0.30000000000000004 అంటుంది. యంత్రం చెడిపోయిందని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాళ్ళున్నారు. చెడిపోలేదు. మూడో వంతుని మనం దశాంశాల్లో 0.333 అని రాస్తూ పోతే ఎలా తెగదో, పదో వంతుని ఒకట్లూ సున్నాలతో రాస్తే అలాగే తెగదు. ఎక్కడో ఒకచోట కోసెయ్యాలి. యంత్రం దాదాపు పదహారు అంకెల దగ్గర కోస్తుంది.

అంత చిన్న ముక్కతో ఏం కొంప మునుగుతుందంటారా? 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో మునిగింది. అక్కడి పేట్రియట్ క్షిపణి వ్యవస్థ గడియారం కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. ఆ పదో వంతుని 24 బిట్లకు కోశారు. వంద గంటలపాటు ఆపకుండా నడిచేసరికి తేడా పోగుపడి సుమారు 0.34 సెకను అయింది. అంతలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరు దాటి పోతుంది. దాన్ని అడ్డుకోలేకపోయారు. 28 మంది సైనికులు చనిపోయారు.

పోనీ, యంత్రం అసలేమీ కొయ్యకపోయినా చిక్కు తప్పదు. కాగితం మీద ఈ రెండు సమీకరణాలు సాధించండి: x + y = 2, x + 1.001y = 2.001. జవాబు x = 1, y = 1. ఇప్పుడు 2.001 బదులు 2.002 అనుకోండి. మీ తూకంలో వెయ్యో వంతు తేడా వచ్చిందంతే. జవాబు x = 0, y = 2 అయిపోయింది! రెండు గీతలూ ఇంచుమించు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఒకదాన్ని వెంట్రుకవాసి కదిపితే అవి కలిసే చోటు ఎక్కడికో జారిపోతుంది. ఈ తప్పు యంత్రానిది కాదు, లెక్క స్వభావమే అది.

నాలుగేళ్ళ కిందట ఒక రీసెర్చి అమ్మాయి శుక్రవారం సాయంత్రం ల్యాబు మూసే వేళకి వచ్చింది. ఒక ద్రావణం సాంద్రత 290 నుంచి 350 కెల్విన్ల దాకా పది ఉష్ణోగ్రతల దగ్గర కొలిచింది. వాటికి ఆరో డిగ్రీ బహుపది అమర్చింది. పుస్తకంలో ఉన్నట్టే కనిష్ఠ వర్గాల సమీకరణాలు రాసి ఆక్టేవ్‌కి ఇచ్చింది. సోమవారం పేపరు పంపాలి. ఆవిడకి కావలసింది గ్రాఫులో అక్షరాలు పెద్దవి చెయ్యడం, అంతే!

అక్షరాలు పెద్దవి చేస్తూంటే జవాబుకి పైన ఒక లైను కనబడింది. ఈ మాత్రిక నమ్మదగినట్టు లేదని ఆక్టేవ్ హెచ్చరిక.

"ఇదేమిటమ్మా?"

"అది ఎప్పుడూ వస్తుంది సార్. ఎర్రర్ కాదు, వార్నింగే."

ఒక రీడింగులో చివరి అంకెని ఒకటి పెంచి మళ్ళీ నడపమన్నాను. గ్రాఫులో గీత కదిలినట్టే లేదు. గుణకాలు మాత్రం వేరే ఊరివి! ప్లస్సు ఉన్నచోట మైనస్సు వచ్చింది. అమ్మాయి ముఖం పాలిపోయింది. ఎందుకంటే ఆ గుర్తులను బట్టి అణువుల మధ్య ఆకర్షణ ఎలా మారుతోందో రెండు పేజీలు రాసి ఉంది.

కారణం చెప్పుకుంటే తేలికే. 350ని పన్నెండోసారి హెచ్చిస్తే ఒకటి పక్కన ముప్పై సున్నాలకు పైమాట. ఆ సమీకరణాల్లో అలాంటి సంఖ్య ఒక మూల ఉంటే, ఎదురు మూల 10 ఉంది. పదహారు అంకెలు దాచగల యంత్రం ఈ రెంటినీ ఒకే త్రాసులో ఎలా తూస్తుంది? పైగా 290కీ 350కీ మధ్య ఐదో ఘాతమూ ఆరో ఘాతమూ ఇంచుమించు ఒకే వాలున నడుస్తాయి, పైన చెప్పిన రెండు గీతల్లాగా. ఉష్ణోగ్రత లోంచి 320 తీసేసి 30తో భాగించమన్నాను. సంఖ్యలన్నీ మైనస్ ఒకటికీ ఒకటికీ మధ్యకి వచ్చాయి. డిగ్రీ రెండుకి దించాం. ఈసారి చివరి అంకె మార్చినా గుణకాలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. వార్నింగు పోయింది. ఆ రెండు పేజీలూ పోయాయి. సోమవారం పేపరు వెళ్ళలేదు. ఆవిడ గైడుగారు కొన్నాళ్ళపాటు నాతో మాట్లాడలేదు. గ్రాఫు అందంగా చెయ్యమని పంపితే పేపరే చెరిపేశానని ఆయన బాధ. అది న్యాయమైనదే, కాదనను. ఆ రెండు పేజీలు అచ్చయి ఉంటే ఏం చేసేవాళ్ళమో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

జవాబు సరిచూసుకునే అలవాటు ఎలా వస్తుంది? ఐఐటీ బొంబాయిలో కేంద్ర విద్యాశాఖ డబ్బుతో నడిచే ఫాసీ ప్రాజెక్టు వాళ్ళు దీనికి చక్కటి దారి పట్టారు. ఫ్రాన్స్‌లో పుట్టిన సైల్యాబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తీసుకుని, పాఠ్యపుస్తకాల్లో సాధించి చూపిన ఉదాహరణలన్నిటికీ ప్రోగ్రాములు దేశంలోని కాలేజీల విద్యార్థుల చేతా అధ్యాపకుల చేతా రాయించారు. పారితోషికమూ ఇచ్చారు. అందులో సుగుణమేమిటంటే, జవాబు పుస్తకంలో ఉంది. యంత్రం వేరేది చెబితే ఎవరిది తప్పో తేల్చుకోక తప్పదు. ఒక్కోసారి పుస్తకానిదే అవుతుంది కూడా! అదే ఐఐటీ వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియళ్ళు తెలుగులోనూ ఉన్నాయి. ఇంగ్లీషుకి జంకే మొదటి సంవత్సరం పిల్లలకి నేను ముందు అవే పెడతాను.

వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సు అయిపోతే మూగబోతుంది. దొంగకాపీ తెచ్చి ల్యాబులో పెట్టమనే మిత్రులకి నా సమాధానం తెలుసు, మళ్ళీ రాయను. ఆక్టేవ్, సైల్యాబ్, పైథాన్ మాత్రం మీరు కాలేజీ వదిలి వెళ్ళినా మీతోనే వస్తాయి. పాత విద్యార్థులు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతూంటారు. ఒకాయన ఏదో ఫ్యాక్టరీలో ఉన్నాడు. "సార్, వార్నింగు వచ్చింది" అన్నాడు మొన్న. "జవాబు ఎంత ఉండాలనుకున్నావు?" అన్నాను. "నలభై దగ్గర సార్, నోటితో వేసుకున్నాను." యంత్రం చెప్పింది నాలుగు వందలు. చూస్తే సెంటీమీటర్లు ఇవ్వవలసినచోట మిల్లీమీటర్లు ఇచ్చాడు.

శనివారాలు రెండు గంటల తర్వాత నేను ల్యాబులోనే ఉంటాను. లెక్చరర్లు కూడా మొహమాటపడకుండా రావచ్చు. వచ్చేటప్పుడు మీ డేటాతోపాటు, జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క ఒకటి కాగితం మీద వేసి తెచ్చుకోండి. ముందు అది నడిపిద్దాం.