పేరు కన్నా ముందు ఒక ప్రశ్న

ముందు ఒక చిన్న లెక్క. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ డీఎస్‌ఎం-5 (2013) పుస్తకంలో డిప్రెషన్‌కి 9 లక్షణాలు రాశారు. వాటిలో కనీసం 5, రెండు వారాల పాటు ఉండాలి. ఆ ఐదింటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పనిసరి. నేను కూర్చుని కాంబినేషన్స్ కడితే 227 వచ్చాయి. అంటే డిప్రెషన్ అన్న పేరున్న ఇద్దరిలో ఉమ్మడి లక్షణం ఒకే ఒక్కటి ఉండొచ్చు! ఒకడికి నిద్ర పట్టదు, ఇంకొకడు రోజంతా నిద్రే.

పైగా ఆ పేరు "ఏముంది" అని చెబుతుంది గానీ "ఎందుకొచ్చింది" అని చెప్పదు. అందుకే చాలామంది సైకాలజిస్టులు "ఫార్ములేషన్" అనే పద్ధతి వాడతారు. ఊహకి ఒక కుర్రాణ్ణి తీసుకుందాం. క్లాసుకి వెళ్ళడం మానేశాడు, ఇది సమస్య. ఇంట్లో చిన్నప్పటి నుంచీ మార్కులతోనే మర్యాద, ఇది పునాది. మొన్న రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాయి, ఇది నిప్పురవ్వ. క్లాసు ఎగ్గొట్టేకొద్దీ భయం పెరుగుతోంది, ఇది సమస్యని ఆరనివ్వని ఫీడ్‌బ్యాక్ లూప్. సాయంత్రం వాలీబాల్ మాత్రం వదల్లేదు, ఇది అతని బలం. ఈ ఐదూ థెరపిస్టు, అతనూ కలిసి రాసుకుంటారు. అది తీర్పు కాదు, ఒక అంచనా. పనిచేయకపోతే మార్చుకుంటారు. లూప్ ఎక్కడ తెంచాలో మాత్రం అందులో కనిపిస్తుంది.

2018లో లూసీ జాన్‌స్టోన్, మేరీ బాయిల్ తదితరులు ఇంకో అడుగు వేశారు. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీలోని క్లినికల్ సైకాలజీ విభాగం ప్రచురించిన "పవర్ థ్రెట్ మీనింగ్ ఫ్రేమ్‌వర్క్"లో "నీకేం జబ్బు?" అని అడగరు. నీకేం జరిగింది? అది నిన్నేం చేసింది? నువ్వు దాన్నెలా అర్థం చేసుకున్నావు? తట్టుకోడానికి ఏం చేయాల్సి వచ్చింది? ఇవీ వాళ్ళ ప్రశ్నలు. పేదరికం, వివక్ష, హింస లాంటివి కూడా అప్పుడు లెక్కలోకి వస్తాయి.

దీనిమీద విమర్శలూ ఉన్నాయి. మందులు నిర్ణయించడానికి, ఇన్సూరెన్స్‌కి, డిజెబిలిటీ సర్టిఫికెట్‌కి పేరు కావాలి. "నాది బద్ధకం కాదు, దీనికో పేరుంది" అని తెలిశాక ఊపిరి పీల్చుకునేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి పేరు వద్దని కాదు, పేరు దగ్గరే ఆగిపోవద్దని నా ఉద్దేశం. ఇది చదివి ఎవరూ వేసుకుంటున్న మందులు ఆపకండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.