చలికాలం తర్వాత మొండికేసే మోటార్ సైకిల్

నవంబరులో గరాజులో పెట్టిన బండి ఏప్రిల్లో చోక్ లాగితే నడుస్తోంది, తీసేస్తే ఆగిపోతోంది అని చాలామంది అంటుంటారు. 2016 మోడల్ దాకా ఇక్కడ అమ్మిన హోండా రెబెల్ 250 లాంటి కార్బురేటర్ బళ్ళకి ఇది మామూలు జబ్బే.

ఇక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి బండి కదలకపోతే కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. ముందు మూసుకుపోయేది అదే. ఐడిల్‌కి పెట్రోలు అందించేదీ అదే కనక, చోక్ ఉంటేనే ఇంజన్ బతుకుతుంది.

వెంటనే అంతా విప్పకండి. ట్యాంకు కుళాయి కట్టేసి, గిన్నె కింది స్క్రూ వదులుచేసి, పాత పెట్రోలు డబ్బాలోకి దించండి. ట్యాంకులోదీ మార్చి చూడండి. లొంగకపోతే జెట్ తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని కార్బ్ క్లీనర్ కొట్టి, వెలుతురుకెత్తి చూడాలి. సూదితో మాత్రం పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే జెట్ పనికిరాదు. నేనూ ఒకటి అలాగే పాడుచేసుకున్నాను లెండి.

ఇది ముందే చెప్పాల్సింది. గరాజులో గ్యాసు వాటర్ హీటర్ ఉంటే ఈ పని ఆరుబయటే చేయాలి, పిల్లల్ని దూరంగా ఉంచి. పెట్రోలు ఆవిరి నేలబారుగా పాకి మంటని వెతుక్కుంటుంది. ఇంజన్ ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తే ఫ్లోట్ వాల్వు కారుతూ ఉండవచ్చు. అది బాగుచేసి, ఆయిల్ మార్చేదాకా స్టార్టు చేయకండి.

వచ్చే నవంబరులో కుళాయి కట్టి, గిన్నె ఖాళీచేసి పెట్టండి.