కంగారు వేరు, కాపాడుకోవడం వేరు

పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. అది సహజం. అయితే రాత్రంతా బిడ్డను భుజాన వేసుకుని తిరగడం, దిష్టి తీయడం, "నీళ్లు పడితే ఇంకా ఎక్కువవుతాయి" అన్న మాట విని పాలు, నీళ్లు మానిపించడం - వీటివల్ల బిడ్డ ఒంట్లోంచి పోయిన నీరు తిరిగి రాదు. విరేచనాల్లో ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా ఆ నీరు, లవణాలు తగ్గిపోవడమే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు తగ్గాయి. ఉప్పు, గ్లూకోజు తగిన పాళ్లలో కలిస్తే, విరేచనాలవుతున్నా పేగు నీటిని పీల్చుకుంటుంది. నేటి ఓ.ఆర్.ఎస్. పనిచేసేది ఇలాగే.

కాబట్టి తల్లులకు మేము చెప్పేది ఇదే. చేతులు సబ్బుతో కడుక్కోండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్‌కు 1 లీటరు) పొడి మొత్తం ఒకేసారి కలపండి. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. విరేచనం అయిన ప్రతిసారీ 2 ఏళ్ల లోపు బిడ్డకు పావు నుంచి అర కప్పు, అంతకు పైబడితే అర నుంచి ఒక కప్పు, చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు మానవద్దు. అన్నం తినే బిడ్డకు మెత్తని అన్నం, మజ్జిగ పెట్టండి. జింకు మాత్రలు ఇస్తే, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయండి. ఓ.ఆర్.ఎస్.కు బదులు కూల్‌డ్రింకులు, తీపి రసాలు పట్టవద్దు.

బిడ్డ మగతగా పడి ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, తాగలేకపోయినా, తాగినదంతా వాంతి చేసుకున్నా, మూత్రం రాకున్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2 నెలల లోపు పసికందయితే ఈ లక్షణాల కోసం ఎదురుచూడవద్దు. దారిలోనూ చెంచాతో పడుతూనే ఉండండి. ఎన్నిసార్లు విరేచనమైందో, ఎన్నిసార్లు మూత్రం పోసిందో గుర్తుపెట్టుకుని వస్తే, వైద్యం మొదలుపెట్టడానికి మాకు ఎంతో సహాయం.

బిడ్డ మీద ప్రేమ ఉన్నచోట దిగులు రాకుండా ఉండదు. ఆ దిగులుకు చేతినిండా పని ఇవ్వండి. ఈరోజే రెండు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, ఒక లీటరు కొలత సీసా ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.