అనుచరుని కర్తవ్యము

నాయకుడెట్లుండవలెనో తెలుపు వ్యాసములు పెక్కులు గలవు. అనుచరుడెట్లుండవలెనో విచారించినవారు తక్కువ. కార్యాలయమునందైనను, వైద్యశాలయందైనను నాయకుడొక్కడు, అనుచరులు పదుగురు. కావున ఈ విషయము మనలో నెక్కువమందికి సంబంధించినది.

ఆజ్ఞను శ్రద్ధతో నెరవేర్చుట అనుచరుని మొదటి ధర్మమని అందరెరుగుదురు. అంతమాత్రముతో నతని బాధ్యత తీరునా? 1977వ సంవత్సరము మార్చి 27వ తేదీన స్పెయిను దేశమునకు చెందిన టెనెరిఫే ద్వీపమున జరిగిన దుర్ఘటనను చూడుడు. సమీప ద్వీపపు విమానాశ్రయమున బాంబు ప్రేలుటచే పెక్కు విమానము లిచ్చటికి మరలింపబడెను. పొగమంచు దట్టముగా క్రమ్మెను. డచ్చి విమానపు కెప్టెను పేరుగన్నవాడు, తన కంపెనీలో ఇతరులకు శిక్షణ నిచ్చువాడు. అతడు బయలుదేరబోగా, అనుమతి ఇంకను రాలేదని సహాయచోదకుడు చెప్పెను. కెప్టెను ఆగెను. పిమ్మట ప్రయాణమార్గమును గూర్చిన సూచనలు మాత్రమే వచ్చెను. ఎగురుటకు అనుమతి లేకయే కెప్టెను విమానమును నడిపించెను. ఈమారు సహాయచోదకుడు వారింపలేదు. అదే రన్‌వేపై నెదురుగా వచ్చుచున్న అమెరికా విమానము తొలగినదా యని, రేడియో మాటలు విన్న ఇంజనీరు సందేహము వెలిబుచ్చెను. తొలగినదని కెప్టెను గట్టిగా బదులు చెప్పెను. ఇంజనీరు మరల అడుగలేదు. కొన్ని సెకనులలో రెండు విమానములును ఢీకొని 583 మంది మరణించిరి.

రేడియో మాటలు ఒండొంటితో కలిసి స్పష్టముగా వినబడకపోవుట మొదలగు కారణములు ఇంకను గలవు. ఆ ఇంజనీరును నిందించుట సులభము. కాని అనుభవశాలి యగు పెద్దవాడు గట్టిగా చెప్పిన తరువాత మనలో నెవరు మరల అడుగుదుము? నల్లబల్లపై నేను లెక్క తప్పినప్పుడు తరగతి యంతయు చూచియు నూరకుండుట నాకు అనుభవమే.

1979లో నాసా సంస్థ ఈ విషయమై నిపుణులను సమావేశపరచెను. అటుపిమ్మట వైమానిక సంస్థలు క్రొత్త శిక్షణ నారంభించెను. క్రిందివాడు తన సందేహమును దాచక చెప్పవలెను, వినకున్న మరల చెప్పవలెను. పైవాడు వినుట నేర్వవలెను. తుది నిర్ణయము మాత్రము కెప్టెనుదే.

1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ విమానమొకటి గగనమార్గముననే చుక్కాని మొదలగు సాధనముల పట్టు కోల్పోయెను. ప్రయాణికులలో నున్న విమానశిక్షకుడొకడు తానుగా సాయమునకు రాగా, కెప్టెను హేన్స్ అతనికి ఇంజనుల వేగమును సరిచేయు పని అప్పగించి, అందరి సలహాలను వినుచు విమానమును సూ సిటీలో దింపెను. 296 మందిలో 184 మంది బ్రతికిరి.