ఇంజనీరింగ్ కాలేజీ ప్రదర్శనకు రైతూ వెళ్లాలి

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి సంవత్సరం విద్యార్థులు తాము తయారుచేసిన ప్రాజెక్టులను జనానికి చూపిస్తుంటారు. తల్లిదండ్రులు, పక్క కాలేజీల పిల్లలు వచ్చి చూస్తారు. రైతులు మాత్రం గేటు దాకా కూడా పోరు. అక్కడ మనకేం పని అనుకుంటారు. కలుపు తీసే బండి, సోలార్ స్ప్రేయర్, నేల తడిస్తే దానంతటదే ఆగే మోటారు, ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే ఫోను... ఆ బల్లల మీద ఉండేవాటిలో మన పనివి తక్కువేం కాదు.

బీటెక్ నాలుగేళ్ల చదువు. చివరి ఏడాది నలుగురైదుగురు జట్టుగా చేరి, ఒక లెక్చరర్ సలహాతో ఏదో ఒక వస్తువు చేసి చూపాలి. చాలాచోట్ల ఖర్చు పిల్లలే పెట్టుకుంటారు. ఆఖరున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ప్రశ్నలడిగి మార్కులు వేస్తారు. అంటే మార్కులకు అది బల్ల మీద పనిచేస్తే చాలు. పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు, పరీక్ష తీరే అంత. చేలో పనిచేస్తుందా లేదా అన్నది అడగాల్సింది మనమే.

<b>బలం ఎంత? ఎంతసేపు?</b>

కలుపు బండికి 250 వాట్ల బ్యాటరీ మోటారు పెట్టారనుకుందాం. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. మంచి కాడి ఎద్దులు ఆగకుండా లాగే బలం సుమారు ఒక హార్స్ పవర్. ఈ మోటారుది అందులో మూడో వంతే. ఎర్రనేలలో పదును మీద చిన్న మొలకల్ని గీకుతుందేమో గానీ, నల్లరేగడిలో తుంగ వేళ్లూనాక గుంటక చేసే పని దానివల్ల కాదు.

సోలార్ స్ప్రేయర్‌కూ ఇదే లెక్క. 12 వోల్టులు, 12 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది 144 వాట్ అవర్లు. వీపు మీది పలక 20 వాట్లదైతే, ఖాళీ బ్యాటరీ నిండాలంటే మండుటెండలో ఏడు గంటల పైనే పడుతుంది. మబ్బు పడితే ఇంట్లో కరెంటుకు పెట్టుకోవాల్సిందే.

తడి చూసి మోటారు ఆపే పరికరంలో నేలలో గుచ్చే పుల్లల్ని చూడండి. రెండు లోహపు పుల్లల మధ్య కరెంటు పంపి తడి కొలిచే రకమైతే అవి కొద్ది నెలల్లోనే తుప్పు పడతాయి. ఉప్పు నేలలో లెక్క కూడా తప్పుతుంది. లోహం బయటపడకుండా పూత వేసిన రకం నయం. అదైనా నల్లనేలకు వేరుగా, ఎర్రనేలకు వేరుగా సరిచేసుకోవాలి.

<b>తెగులు చెప్పే ఫోను</b>

ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్నది ఇదే. వేలాది ఆకుల ఫోటోలు చూపించి కంప్యూటరుకు తెగుళ్లు నేర్పుతారు. ఆ ఫోటోలు ఎక్కడివి అన్నదే అసలు ప్రశ్న. చాలామంది విద్యార్థులు 'ప్లాంట్ విలేజ్' అనే విదేశీ సేకరణ వాడతారు. అందులో 54 వేలకు పైగా ఫోటోలున్నాయి, 14 పంటలవి. ఆపిల్, ద్రాక్ష, బంగాళాదుంప, టమాటా, మొక్కజొన్న లాంటివి ఉన్నాయి. వరి లేదు, పత్తి లేదు, వేరుశనగ లేదు. మిరప అంటే బెంగళూరు మిరపే. అవీ ఆకు తెంపి, ఖాళీ అట్ట మీద పెట్టి తీసినవి. 2016లో శాస్త్రవేత్తలు ఈ ఫోటోలతో నేర్పి చూస్తే, అదే సేకరణలోని వాటిని నూటికి 99 సరిగ్గా చెప్పింది. వేరేచోట తీసిన ఫోటోలు పెడితే నూటికి 31కి పడిపోయింది. గోడమీది చార్టులో 99 శాతం అని రాసి ఉంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. దేని మందు దానిదే. ఫోను ఉట్టి 'ముడత' అని చెబితే మనకు ఒరిగేదేమీ లేదు. పైముడతకు కింది ముడత మందు కొడితే డబ్బూ పోతుంది, వారమూ పోతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు మన చేలోని రోగం ఆకులు నాలుగు పట్టుకెళ్లి అక్కడే చూపించమనండి. పిల్లలు కాదనరు.

యంత్రం నచ్చింది కదా అని అడ్వాన్సు మాత్రం ఇవ్వొద్దు. అమ్మకానికి వచ్చే యంత్రాలను పరీక్షించడానికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. కాలేజీ నమూనా అలాంటి పరీక్షకు వెళ్లి ఉండదు.

ఇంకో మాట. సాధారణంగా ఏం చెయ్యాలో విద్యార్థులు నిర్ణయించుకునేది జూలై, ఆగస్టుల్లో. ఏప్రిల్‌లో చెబితే విని తలూపుతారు, అప్పటికే ఇనుము అతికించేసి ఉంటారు. చెప్పేదేదో ముందే వెళ్లి మెకానికల్ విభాగంలోనో, వ్యవసాయ ఇంజనీరింగ్ ఉన్నచోట ఆ విభాగంలోనో చెప్పాలి. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీయే ఉంది. ఉత్తినే 'కలుపు యంత్రం కావాలి' అంటే చాలదు. వేరుశనగ సాళ్ల ఎడం ఖరీఫ్‌లో 30 సెంటీమీటర్లు, రబీలో 22.5 అని, ఆడవాళ్లు ఒక్కరే ఎత్తి గట్టు దాటించేంత బరువే ఉండాలని, ఊళ్లో వెల్డింగ్ షాపులో బాగయ్యేలా ఉండాలని కొలతలతో సహా కాగితం మీద రాసి ఇవ్వండి.